డబ్బాకి తాళం వేస్తే షుగర్ దిగదమ్మా

ప్రశ్న: మా ఆయనకు 53 ఏళ్ళు. తణుకులో కిరాణా కొట్టు. షుగర్ వచ్చి ఎనిమిదేళ్ళు. పోయిన నెల మూడు నెలల యావరేజ్ టెస్ట్ చేయిస్తే 9.4 వచ్చింది. బిళ్ళలు బుద్ధి పుడితే వేసుకుంటారు, లేకపోతే లేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనం లేటై, కొట్లోనే చెమటలు పట్టి వణికిపోయారట. అప్పట్నుంచి బిళ్ళంటేనే భయం. బదులుగా ఎవరో ఇచ్చిన కాకర పొడి తాగుతున్నారు. ఇంట్లో స్వీట్ల డబ్బాకి తాళం వేశాను. అయినా స్కూటర్ డిక్కీలో పూతరేకుల కవర్లు దొరుకుతున్నాయి. మే నెలలో గుళ్ళో ప్రదక్షిణలు చేసొచ్చాక అరికాలికి రూపాయి బిళ్ళంత బొబ్బ. నేను చూపించేదాకా ఆయనకి తెలియనే తెలియదు. ఇప్పుడేమో కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటానంటున్నారు. ఇంట్లో రోజూ గొడవే. "నువ్వు పెళ్ళానివా, పోలీసువా" అంటున్నారు. నాకూ పరగడుపున 112 వచ్చింది గానీ నా సంగతి తర్వాత. ఈయన్ని దారిలో పెట్టేదెలా?
— ఒక సోదరి, తణుకు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది 9.4 కాదు. పూతరేకులు అంతకన్నా కాదు. ఆ బొబ్బ. అది పూర్తిగా మానిందో లేదో మీరు రాయలేదు. మానకపోయినా, చుట్టూ చర్మం నల్లబడినా, ఎర్రగా వేడిగా ఉన్నా ఈ ఉత్తరం పక్కన పెట్టి ఈరోజే డాక్టర్‌కి చూపించండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

షుగర్ క్లినిక్‌లో పదిహేడేళ్ళుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను కాబట్టి ఫలానా బిళ్ళ పెంచండి, తగ్గించండి అని చెప్పను. కానీ కాళ్ళు చాలా చూశాను. ఒకాయన మడమ దగ్గర పుండుతో వచ్చాడు. బూటు విప్పి బోర్లిస్తే టప్పున చింతగింజ పడింది. దాని మీదే మూడు రోజులు నడిచాడు. "గుచ్చుకుంటున్నట్టు కూడా అనిపించలేదండీ" అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే కాళ్ళలో నరాలు మొద్దుబారతాయి. కాలినా, తెగినా కబురు పైకి వెళ్ళదు. మీ ఆయన మే నెల ఎండలో గుడి బండల మీద నడిచి బొబ్బ సంగతి ఎరగరంటే, ఆయన కాళ్ళు కూడా ఆ దారిలో ఉన్నాయేమోనని నా అనుమానం.

ఈ రాత్రే ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీ చూపుడు వేలి కొసతో ఆయన కుడికాలి బొటనవేలి చివర, మధ్యవేలి చివర, చిటికెన వేలి చివర, ఒక్కోచోట ఒకటి రెండు సెకన్లు తాకండి. నొక్కకూడదు, గీరకూడదు, ఈగ వాలినట్టు ఉండాలి. తాకినప్పుడల్లా కుడి అనో ఎడమ అనో ఆయన చెప్పాలి. ఎడమకాలికీ ఇలాగే. ఆరు చోట్లలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ కనిపెట్టలేకపోతే స్పర్శ తగ్గినట్టే. తెలియలేదని మళ్ళీ మళ్ళీ తాకి పాస్ చేయించకండి. బ్రిటన్‌లోని ఇప్స్‌విచ్ ఆస్పత్రి డాక్టర్లు ఇంట్లో వాళ్ళు కూడా చేయగలిగేలా తయారుచేసిన పద్ధతి ఇది. పైసా ఖర్చు లేదు. ఫలితం ఎలా వచ్చినా ఆ బొబ్బ సంగతి డాక్టర్‌కి చెప్పి, క్లినిక్‌లో నైలాన్ దారంతో చేసే పరీక్ష ఏడాదికోసారి చేయించండి.

ఇక రోజూ రాత్రి కాళ్ళు కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచి, అరికాళ్ళు చూసుకోవాలి. వంగి చూసుకోలేకపోతే కింద అద్దం పెట్టుకోవచ్చు. చెప్పులేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి. ఇంట్లో కూడా చెప్పులుండాలి. ఆనెలు బ్లేడుతో కోసుకోవడం, తిమ్మిర్లకి వేడినీళ్ళ సంచి పెట్టుకోవడం వద్దేవద్దు. గుడికి పొద్దున్నే గానీ చీకటి పడ్డాక గానీ వెళ్ళమనండి.

అయ్యప్ప మాల మాటకొస్తే, భక్తికి అడ్డుపడే ఉద్దేశం నాకు లేదు. కానీ స్పర్శ తగ్గిన కాళ్ళతో 41 రోజులు చెప్పుల్లేకుండా తిరగడం ప్రమాదం. పైగా దీక్షలో ఒంటిపూట భోజనం, ఈయనకేమో తిండి లేటైతే వణుకు. మాల వేసుకునే ముందే డాక్టర్‌తోనూ గురుస్వామితోనూ కూర్చుని మాట్లాడుకోమనండి. దీక్షలో ఉన్న షుగర్ స్వాములు క్లినిక్‌కి చెప్పులతో వచ్చారు, బిళ్ళల వేళలు మార్పించుకుని వెళ్ళారు. ఏ స్వామీ వాళ్ళ మీద కోప్పడినట్టు నేను వినలేదు.

ఇప్పుడు బిళ్ళల భయం. మీరు ఆయన్ని నిర్లక్ష్యం అంటున్నారు. నాకు మాత్రం అందులో న్యాయం కనిపిస్తోంది. నడివయసు మనిషి, నలుగురు కస్టమర్ల ముందు చెమటలు పట్టి, కళ్ళు తిరిగి, చేతులు వణికి కూలబడబోయాడు. ఆ అనుభవం ఒక్కసారి అయితే చాలు, ఎవరికైనా బిళ్ళంటే భయమే. ఆయన దాన్ని మీకు గొడవల మధ్య చెప్పి ఉంటారు, డాక్టర్‌కి అసలు చెప్పి ఉండరు. చీటీ తీసి చూడండి. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళ ఉంటే, అది మనం తిన్నా తినకపోయినా ఒంట్లో ఇన్సులిన్ ఊరేలా చేస్తుంది. బిళ్ళ వేసుకుని మధ్యాహ్నం మూడింటి దాకా తినకపోతే షుగర్ పడిపోతుంది. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్ళలో ఇలా జరగడం అరుదు. డాక్టర్‌తో చెప్పాల్సింది ఒక్క ముక్క: "సార్, కొట్లో భోజనం టైముకి కుదరదు, ఒకసారి షుగర్ డౌన్ అయింది." ఆ ముక్క చెప్తే బిళ్ళ మార్చడమో, మోతాదు సర్దడమో, వేళ మార్చడమో చేస్తారు. చెప్పకపోతే 9.4 చూసి అదే బిళ్ళ ఇంకా పెంచుతారు. అప్పుడు భయం రెట్టింపు అవుతుంది.

ఈలోగా గల్లాపెట్టెలో గ్లూకోజ్ పొడి ప్యాకెట్ ఒకటి ఉండాలి. వణుకు, చెమట, గుండె దడ వస్తే షుగర్ మిషన్‌లో చూసుకోవాలి. 70 కంటే తక్కువుంటే, లేదా చూసుకునే వీలు లేకపోతే, మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్ళలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే తాగాలి. తేరుకున్నాక భోజనం చేయాలి. ఇలాంటప్పుడు లడ్డూ, పూతరేకు పనికిరావు. వాటిలో నెయ్యి ఉంటుంది కాబట్టి తీపి రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ సంగతి కొట్లో పనిచేసే కుర్రాడికి కూడా తెలియాలి.

బిళ్ళలు మానకూడదు సరే, కాకర పొడి? కాకరకాయ కూర వండుకోండి, మెంతికూర పప్పు చేసుకోండి, హాయిగా తినండి. కానీ లేబుల్ లేని పొట్లంలో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అది తాగి బిళ్ళ మానేసి, మూడు నెలలకి 11తో వచ్చినవాళ్ళు మాకు కొత్త కాదు. ఖర్చు గురించి భయపడుతున్నారేమో, పీహెచ్‌సీలో షుగర్ బిళ్ళలు ఉచితంగా ఇస్తారు. జన ఔషధి కేంద్రాల్లో మెట్‌ఫార్మిన్ చాలా చౌక.

తిండి దగ్గరికి వద్దాం. మీరు స్వీట్ల డబ్బాకి తాళం వేశారు గానీ అన్నం గిన్నెకి వేయలేదు కదా! మన భోజనం తీరు గమనించండి. ముందు పచ్చడితో నెయ్యేసుకుని రెండు ముద్దలు. తర్వాత పప్పులోకి అన్నం. కూరలోకి ఇంకాస్త. పులుసులోకో చారులోకో మరికాస్త. చివర పెరుగులోకి "కొంచెం" అంటూ ఇంకో గరిటె. ఒక్కో దాంట్లోకి ఒక్కోసారి వడ్డించుకుంటాం కాబట్టి ఎంత తిన్నామో ఎవరికీ లెక్క ఉండదు. నేనూ గోదావరి జిల్లా వాణ్ణే. మా ఇంట్లో ఒకరోజు అందరూ తిన్నది కప్పుతో కొలిస్తే, "నేను తినేది పిట్ట తిండి" అనే మా బావగారి కంచంలో నాలుగు కప్పుల అన్నం తేలింది. ఒక కప్పు అన్నంలో 40 గ్రాముల పైనే పిండిపదార్థం ఉంటుంది.

రేపట్నుంచి అన్నం ఒక్కసారే వడ్డించండి. కంచంలో పావు వంతు. పెరుగులోకి కావాల్సింది కూడా అందులోంచే పక్కకి తీసి పెట్టుకోవాలి. సగం కంచం కూర. అది కలుపుకోవడానికి కాదు, ముందే ఉత్తగా తినడానికి. బీరకాయ, దొండకాయ, బెండకాయ, గోరుచిక్కుడు, ఏదైనా సరే, గిన్నెడు కూర ముందు లోపలికి వెళ్తే వెనక వచ్చే అన్నం షుగర్‌ని అంతగా ఎగదోయదు. మిగతా పావు వంతు గట్టిపప్పో, గుడ్లో, చేపో. మీ దగ్గర చేపలకి కరువు లేదుగా, పులుసు పెట్టండి, వేపుడు తగ్గించండి. బంగాళాదుంప, చామదుంప కూరలు మాత్రం అన్నం లెక్కలోకే వస్తాయి.

ఈ మార్పు ఆయన ఒక్కరి కంచంలో చేస్తే పని జరగదు. ఆయనకి గిన్నెడు కూర పెట్టి, పక్కన పిల్లలకి అన్నం గుట్ట పోస్తే ఆయన స్కూటర్ డిక్కీ మళ్ళీ నిండుతుంది. పథ్యం వంట వేరే పొయ్యి మీద చేయకండి. ఇంటందరికీ ఒకే వంట.

మీ ఆయన కొట్లోనే "షుగర్ ఫ్రీ బియ్యం" అని బస్తాలు ఉండి ఉంటాయి. అలాంటి బియ్యమంటూ లోకంలో లేదు. ఆ పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేది 2015లో హైదరాబాద్ రాజేంద్రనగర్ వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఆర్ఎన్ఆర్ 15048 రకం, అదే తెలంగాణ సోనా. మామూలు తెల్లబియ్యం గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 70కి అటూ ఇటూ ఉంటే దీనిది 51 చుట్టుపక్కల. మంచి బియ్యమే, వాడుకోండి. కానీ ఒక కప్పు తినేచోట రెండు కప్పులు తింటే లాభం అక్కడే పోతుంది. రాగులూ అంతే. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే రాగుల్లో 67 దాకా ఉంటుంది. రాగిజావ చెంబుడు తాగి "షుగర్ ఎందుకు పెరిగిందండీ" అని అడిగేవాళ్ళు వారానికి ఇద్దరైనా వస్తారు. బెల్లం కాఫీ గురించి నన్ను అడక్కండి, నాకు బీపీ ఉంది.

టీ ఎన్నిసార్లు తాగుతారో మీరు రాయలేదు. కొట్టు వ్యాపారం కాబట్టి అయిదు అనుకుందాం, కప్పుకి రెండు చెంచాల పంచదార. రోజుకి పది చెంచాలు, చెంచా నాలుగు గ్రాముల చొప్పున 40 గ్రాములు. నెలకి కేజీ రెండొందల గ్రాములు. ఈ లెక్క మీరు చెప్పకండి. ఆయన కాటా మీద ఆయన్నే తూచి, పొట్లం కట్టి కౌంటర్ మీద పెట్టుకోమనండి. సరుకు తూచే మనిషికి గ్రాముల భాష కంటే బాగా అర్థమయ్యేది ఏముంటుంది? పంచదార ఒక్కసారిగా మానేయనక్కర్లేదు. ఈ వారం చెంచాన్నర, పై వారం ఒకటి, ఆ తర్వాత అర. నెల తిరిగేసరికి పాత టీ ఆయనకే వెగటుగా ఉంటుంది.

అసలు మందు ఇప్పుడు చెప్తాను. షుగర్ మిషన్ ఎవరి చేతిలో ఉంది? మీ చేతిలోనేనని నా నమ్మకం. మీరు పొడుస్తారు, మీరు చూస్తారు, 260 వస్తే మీరు కేకలేస్తారు. ఆయనకది స్కూల్లో ప్రోగ్రెస్ కార్డు చూపించినట్టే ఉంటుంది. మిషన్ ఆయనకిచ్చేయండి. మంచి కిరాణా వ్యాపారికి ఎవరు ఎంత బాకీ, ఎప్పుడు తెచ్చారు, ఎప్పుడు తీర్చారు అనేది కంఠతా వస్తుంది. ఆయనకి ఓ ఖాతా పుస్తకం ఇచ్చి దాని మీద తన పేరే రాసుకోమనండి. తేదీ, ఏం తిన్నారు, తినకముందు ఎంత, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకి ఎంత. అంతే. స్ట్రిప్పులు ఖరీదు కాబట్టి రోజూ అక్కర్లేదు. వారంలో రెండు రోజులు, ఒకసారి టిఫిన్‌కి, ఒకసారి భోజనానికి. ఈ వారం టిఫిన్‌కి నాలుగిడ్లీలు తిని చూసుకోమనండి. పై వారం రెండు పెసరట్లు. (అల్లం పచ్చడిలో బెల్లం ఎంత వేశారో మీకే తెలియాలి.) రెండంకెలూ పక్కపక్కన చూస్తే ఇడ్లీ గురించి నేను గంటసేపు చెప్పేది ఆయనకి నిమిషంలో ఎక్కుతుంది. ఆయన వయసు వాళ్ళకి సాధారణంగా పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు ఉంటే బాగున్నట్టు. ఆయనకి ఎంత ఉండాలో డాక్టర్ని అడిగి అట్ట మీద రాసుకోమనండి.

ఒక జాగ్రత్త. బెల్లమో పంచదారో తూచిన చేత్తో వేలు పొడుచుకుంటే మిషన్ 300 చూపించినా చూపిస్తుంది. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, వేలి కొస మీద కాకుండా పక్కన పొడుచుకోవాలి. అక్కడ నొప్పి కూడా తక్కువ.

ఇక మీ వంతు కష్టమైనది. ఆ పుస్తకంలో 280 కనిపించినా నోరు మెదపకూడదు. "ఏం తిన్నారు, ఎందుకు తిన్నారు" అనొద్దు. మహా అయితే "ఆ రోజు ఏమైంది?" అని ఒక్కమాట, అదీ మామూలుగా. అంకె చెడ్డదైతే తిట్లు పడతాయని తెలిసిన మనిషి అంకె దాస్తాడు, లేదా పరీక్షే మానేస్తాడు. పూతరేకులు డిక్కీలోకి వెళ్ళింది కూడా అలాగే. డిక్కీ పక్కన ఎవరూ చూడకుండా తినేవాడు గబగబా నాలుగు తింటాడు. కంచం పక్కన కూర్చుని తినేవాడు ఒకటి తిని ఆగగలడు. కాబట్టి తాళం తీసేయండి. అసలు డబ్బానే ఇంట్లో ఉంచకండి, పిల్లలకి కూడా. పండక్కో పెళ్ళికో పూతరేకు వస్తే అందరితో పాటు భోజనంలో ఒకటి పెట్టండి, ఆ పూట అన్నం తగ్గించండి. ఆయన దాన్ని కూడా పుస్తకంలో రాసుకుంటారు.

నడక గురించి క్లుప్తంగా. పొద్దున్నే అయిదింటికి లేచి పార్కుకి వెళ్ళమని ఏ కొట్టు యజమానికి చెప్పినా వారం కంటే సాగదు. తిన్న వెంటనే పది పదిహేను నిమిషాల నడక ఆ పూట షుగర్‌ని బాగా తగ్గిస్తుంది, ఎందుకంటే కండరాలు కదిలేటప్పుడు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా రక్తంలో చక్కెరను లాక్కుంటాయి. రాత్రి కొట్టు కట్టేసి వచ్చి పదిన్నరకి తిని పడుకోవడం ఆయన అలవాటైతే, పరగడుపు షుగర్ ఎక్కువ రావడానికి అది కూడా కారణం కావచ్చు. ఎనిమిదింటికి కొట్టుకే క్యారేజీ పంపండి. తినేసి బజారు చివరిదాకా వెళ్ళి రమ్మనండి, మంచి చెప్పులేసుకుని. సిగరెట్ అలవాటుంటే, షుగర్ ఉన్న కాళ్ళకి అంతకన్నా శత్రువు లేదని ఆయనకి డాక్టర్ నోటితోనే చెప్పించండి.

కంటి వెనక పొర పరీక్ష, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, ఇంకా కొలెస్ట్రాల్ ఏడాదికోసారి. బీపీ వెళ్ళిన ప్రతిసారీ. చూపు బాగానే ఉందని కంటి పరీక్ష ఎగ్గొట్టకండి, పొర దెబ్బతింటున్న తొలిరోజుల్లో చూపుకి ఏమీ తెలియదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతుంటే బి12 కూడా చూడమని అడగండి. అది తగ్గినా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి.

9.4 మూడు నెలల్లో 7 అవ్వాలని పట్టుబట్టకండి. ముందు ఎనిమిదిన్నరకి రానివ్వండి. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వచ్చిన యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం ఉంది. దాని లెక్క ప్రకారం ఈ అంకె ఒక్క పాయింటు (అంటే 9 బదులు 8) తక్కువగా ఉన్నవాళ్ళలో కళ్ళు, కిడ్నీల లాంటి చోట్ల చిన్న రక్తనాళాలు దెబ్బతినడం 37 శాతం తక్కువ. ఒక్క మెట్టు దిగినా లాభమే అన్నమాట.

చివరగా, "నా సంగతి తర్వాత" అన్నారు చూశారా, ఆ మాట నాకు నచ్చలేదు. పరగడుపున 112 అంటే షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది. 100 నుంచి 125 మధ్య ఉంటే దాన్ని ప్రీడయాబెటిస్ అంటారు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఇలా గుమ్మంలో ఉన్నవాళ్ళనే తీసుకుని, తిండి, నడక మార్పించి మూడేళ్ళు చూసింది. 2006లో వచ్చిన ఆ ఫలితాల్లో, మార్చుకున్నవాళ్ళకి షుగర్ వచ్చే అవకాశం 28 శాతం పైన తగ్గింది. కూర ముందు తినడం, అన్నం ఒక్కసారే వడ్డించుకోవడం, తిన్నాక నడవడం ఆయనకెంతో మీకూ అంతే. మీరూ మూడు నెలల యావరేజ్ టెస్ట్ చేయించుకోండి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది పారేయలేక మీరు తినేస్తుంటే, అది కూడా రాసుకోండి. ఆ ఖాతా పుస్తకంలో ఎడమ పేజీ ఆయనది, కుడి పేజీ మీది. స్ట్రిప్పుల డబ్బా మీద తెరిచిన తేదీ వేయడం మరిచిపోకండి, పాతవైతే అంకె తప్పు చూపిస్తాయి.